చిన్న క్లినిక్‌లో పేషెంట్ రికార్డులు కంప్యూటర్‌లో పెట్టుకోవడం ఎలా?

కర్నూలు ఎన్.ఆర్. పేటలోనో, అనంతపురం సాయినగర్‌లోనో ఒక డాక్టరు, ఇద్దరు ముగ్గురు సిబ్బందితో నడిచే క్లినిక్‌ల వాళ్ళు ఎక్కువగా అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని. కొన్న కొన్ని నెలలకు వాళ్ళే ఇంకో మాట అడుగుతారు: "సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది గానీ, పాత పేషెంట్ వస్తే రికార్డు దొరకట్లేదు. ఏం చేయాలి?" ఈ రెండో ప్రశ్నే అసలైనది. రికార్డు దొరకకపోవడానికి చాలాసార్లు కారణం రిసెప్షన్‌లో పేరు ఎక్కించే ఆ మొదటి నిమిషంలో ఉంటుంది. ఒకే మనిషికి మూడు నంబర్లు పడ్డాక ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా ప్రయోజనం ఉండదు. అందుకే ఇక్కడ ఆ నిమిషానికే ఎక్కువ చోటిస్తున్నాను.

ఏమేమి కావాలి

- రిసెప్షన్‌లో ఒక కంప్యూటర్, డాక్టరు గదిలో ఇంకొకటి.
- రెండింటికీ యూపీఎస్. ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే చాలా కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతాయి, సగం ఎక్కించిన ఎంట్రీ పోతుంది.
- మామూలు ప్రింటర్. టోకెన్లకు థర్మల్ ప్రింటర్ చాలు. మందుల చీటీని మాత్రం థర్మల్ కాగితం మీద ఇవ్వకండి. మన ఎండలకు నాలుగు రోజులు జేబులో ఉంటే అక్షరాలు వెలిసిపోతాయి.
- ఇంటర్నెట్, అది పోతే వాడుకోవడానికి ఒక ఫోన్ హాట్‌స్పాట్.
- బ్యాకప్‌కి రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు.
- వరుస నంబర్లు ముద్రించిన ఓపీ చీటీల పుస్తకం ఒకటి.
- రికార్డుల బాధ్యత తీసుకునే ఒక మనిషి. "అందరం చూసుకుంటాం" అన్నచోట ఎవరూ చూడరు.

రోజుకు పది పదిహేను మందే వచ్చే క్లినిక్ అయితే నంబరు వేసిన ఫైళ్ళు, వాటికి ఒక సూచిక పుస్తకం సరిపోతాయి. ఎక్సెల్‌లో పేషెంట్ల జాబితా పెట్టుకోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఎవరో ఒకరు పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి అక్షర క్రమంలో పెడితే చాలు, ఒకరి పేరు పక్కన ఇంకొకరి షుగర్ రీడింగ్ వచ్చి కూర్చుంటుంది. అలా మారినట్టు కూడా ఎవరికీ తెలియదు.

1. కొనే ముందు ఒక రోజు ఓపీని గమనించండి

పేషెంట్ లోపలికి వచ్చినప్పటి నుంచి మందులు తీసుకొని వెళ్ళేదాకా ఎవరెవరు ఏమేం రాస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. బీపీ ఎవరు చూస్తారు, ఫీజు ఎక్కడ కడతారు, ల్యాబ్‌కి ఎప్పుడు పంపుతారు, రివ్యూకి వస్తే ఎన్ని రోజుల్లోపు ఫీజు లేదు. సాఫ్ట్‌వేర్ ఈ వరుసలో నడవాలి.

2. డెమోలో అడగాల్సినవి అడిగి, చేయించి చూడండి

- మా డేటా మొత్తం ఒకేసారి బయటికి తీసుకోవచ్చా? "తీసుకోవచ్చు సార్" అంటే సరిపోదు, అక్కడికక్కడే తీయించండి. కొన్నింటిలో పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రమే వస్తాయి. మందుల చీటీలు, రిపోర్టులు రావు.
- ఒకే ఫోన్ నంబరు మీద నలుగురు పేషెంట్లను ఎక్కించవచ్చా?
- నెట్ లేకపోతే పని ఆగిపోతుందా?
- ఎంట్రీని ఎవరు, ఎప్పుడు మార్చారో కనిపిస్తుందా?
- "ఉదయం, రాత్రి, తిన్న తర్వాత" అని చీటీ మీద తెలుగులో ప్రింట్ వస్తుందా? రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మన ఊళ్ళకు పనికిరాదనే నేను అంటాను.
- వచ్చే ఏడు చందా కట్టకపోతే పాత రికార్డులు కనీసం చూసుకోవచ్చా?

బాహ్మ్ని, ఓపెన్ఎంఆర్ఎస్ లాంటి రికార్డుల సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. కానీ వాటిని నడపడానికి కంప్యూటర్ పని బాగా తెలిసిన మనిషి దగ్గర ఉండాలి. ఒక్క డాక్టరు క్లినిక్‌కి అది భారం.

2021 సెప్టెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో (ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా అనుసంధానించే పథకం) కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్ అయితే మంచిది. ఆ జాబితా మిషన్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. దానికి డాక్టరు, క్లినిక్ విడివిడిగా ఆ మిషన్‌లో నమోదు కావాలి. పేషెంట్‌కి ఆ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, అంటే ఆభా నంబరు ఉంటే దానికోసం ఉన్న గడిలో ఎక్కించుకోండి. అది స్వచ్ఛందం కాబట్టి, ఆభా లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు. మీ క్లినిక్ సొంత నంబరుకు బదులు ఆభాను వాడకండి. అందరికీ ఉండదు, ఉన్నవాళ్ళకూ గుర్తుండదు.

3. పేరు ఎక్కించడం: తొందరపడకూడనిది ఇక్కడే

కర్నూలు వైపు మద్దిలేటి, ఈరన్న, సుంకన్న. కడప వైపు ఓబులేసు, దస్తగిరి, మస్తాన్‌వలీ. ఒక్క పూట ఓపీలోనే ఇద్దరు ఈరన్నలు, ముగ్గురు లక్ష్మీదేవులు కూర్చొని ఉంటారు. వాళ్ళ పేర్లు ఇంగ్లీషులో ఎక్కించేటప్పుడు ఒక్కో రిసెప్షనిస్టు ఒక్కో స్పెల్లింగ్ కొడతారు. ఈ క్రమం తప్పకుండా పాటించండి:

మొదట వెతకండి. "ఇదివరకు ఇక్కడ చూపించుకున్నారా?" అని అడిగి, ఫోన్ నంబరుతో వెతకండి. దొరక్కపోతే పేరులోని మొదటి మూడు నాలుగు అక్షరాలు, ఊరు కలిపి వెతకండి. "ఇంట్లోవాళ్ళ నంబరు ఏదైనా ఇచ్చారా?" అని కూడా అడగండి, పోయినసారి కొడుకు నంబరు ఇచ్చి ఉండవచ్చు. ఇవన్నీ అయ్యాకే 'కొత్త పేషెంట్' బటన్ నొక్కాలి. క్యూ పెద్దదైన కొద్దీ ఈ మెట్టు దాటేయాలనిపిస్తుంది. డూప్లికేట్ నంబర్లు పుట్టేది సరిగ్గా అప్పుడే.

పేరు కార్డులో ఉన్నట్టే కొట్టండి. ఆధార్ గానీ ఇంకేదైనా కార్డు గానీ చూసి, అందులోని స్పెల్లింగే వాడండి. కార్డు లేకపోతే సిబ్బంది అందరికీ ఒకే పద్ధతి పెట్టి, మామూలుగా వచ్చే పేర్ల స్పెల్లింగులు ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించండి. తండ్రి లేదా భర్త పేరు వేరే గడిలో పెట్టాలి, పేరుకు అతికించకూడదు.

వయసు వద్దు, పుట్టిన సంవత్సరం రాయండి. "వయసెంత పెద్దాయనా?" అంటే "అరవై అయ్యుంటాయి నాయనా" అంటారు. ఈసారి 60, వచ్చే ఏడు 58, ఆ తర్వాత 65. కార్డు చూసి సంవత్సరం ఎక్కిస్తే వయసును సాఫ్ట్‌వేరే లెక్కేస్తుంది. ఉజ్జాయింపు అయితే ఉజ్జాయింపు అని గుర్తు పెట్టండి. పిల్లలకు మాత్రం పుట్టిన తేదీ, వచ్చిన ప్రతిసారీ బరువు తప్పనిసరి. వాళ్ళ మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది.

ఫోన్ ఎవరిదో రాయండి. సొంతమా, కొడుకుదా, పక్కింటివాళ్ళదా? రిపోర్టు పంపేటప్పుడు ఇది చాలా అవసరం.

ఊరితోపాటు మండలం రాయండి. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లు ఎన్నో చోట్ల ఉంటాయి. ఇంకో చిక్కు: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. ఆళ్ళగడ్డ పేషెంటు పాత ఫైల్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. ధర్మవరం అప్పుడు అనంతపురం, ఇప్పుడు శ్రీ సత్యసాయి. జిల్లా పేరు కలవలేదని "ఈయన వేరే మనిషి" అనుకొని కొత్త నంబరు ఇవ్వకండి. కర్నూలు క్లినిక్‌లకు గద్వాల వైపు నుంచి, అనంతపురానికి బళ్ళారి వైపు నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు కాబట్టి రాష్ట్రం గడి కూడా తెరిచి ఉంచండి.

చివరగా, పేరు వాళ్ళ నోటితోనే చెప్పించండి. "మీరు ఓబులేసే కదా?" అంటే, సరిగా వినబడని పెద్దాయన "ఊ" అనేస్తాడు. "మీ పేరు చెప్పండి, ఏ ఊరు?" అని అడిగి, ఆయన చెప్పింది స్క్రీన్‌తో పోల్చుకోండి. బీపీ చూసే దగ్గర, డాక్టరు గదిలో కూడా ఇలాగే అడగాలి.

నంబరు పడ్డాక ఒక చిన్న కార్డు మీద పెద్ద అంకెలతో రాసి చేతికివ్వండి. "వచ్చేటప్పుడు ఇది తెచ్చుకోండమ్మా" అనండి. కార్డు ఇంట్లో మర్చిపోయినా ఫోన్‌లో ఫోటో ఉంటే పని జరుగుతుంది, అందుకే అక్కడే ఫోటో తీసుకోమనండి.

డూప్లికేట్ నంబర్లు ఇప్పటికే పడి ఉంటే? రెండు రికార్డులను కలిపే ముందు ఫోన్, పుట్టిన సంవత్సరం, ఊరు, తండ్రి లేదా భర్త పేరు పోల్చండి, వీలైతే పేషెంట్‌నే అడగండి. కలిపే అధికారం ఒక్కరికే ఇవ్వండి. కలిపే ముందు బ్యాకప్ తీయండి. ఏ కాస్త అనుమానం ఉన్నా కలపకండి. ఒకే మనిషికి రెండు నంబర్లు ఉంటే చికాకు. ఇద్దరు మనుషులు ఒక నంబరులో కలిసిపోతే ప్రమాదం, ఎందుకంటే ఒకరికి పడని మందు ఇంకొకరి పేరు మీద చేరుతుంది, అసలు మనిషికి ఆ హెచ్చరిక కనిపించదు.

4. పాత ఫైళ్ళన్నీ ఎక్కించాలని కూర్చోకండి

బీరువా నిండా ఉన్న ఫైళ్ళను ఇద్దరు కుర్రాళ్ళను పెట్టి ఎక్కిస్తే తప్పులు కుప్పలుగా వస్తాయి. పేషెంట్ వచ్చిన రోజే అతని ఫైల్ తీసి, అవసరమైనంత ఎక్కించండి: దీర్ఘకాలిక జబ్బులు, ఇప్పుడు వాడుతున్న మందులు, పడని మందులు, ఆపరేషన్లు. చివరి చీటీ, డిశ్చార్జ్ సమ్మరీ, ముఖ్యమైన స్కాన్ రిపోర్టు స్కాన్ చేయండి. ఫైల్ కవర్ మీద కొత్త నంబరు రాయండి. స్కాన్ ఫైల్ పేరులో పేషెంట్ నంబరు, తేదీ, అది ఏమిటో ఉండాలి. తేదీలో సంవత్సరం ముందు పెడితే ఫైళ్ళు వాటంతట అవే వరుసలో ఉంటాయి.

5. డాక్టరు గదిలో

డాక్టరుకు టైప్ చేయడం ఇబ్బందైతే బలవంతం పెట్టకండి. చీటీ చేత్తోనే రాయనివ్వండి. దాన్ని స్కాన్ చేసి, జబ్బు పేరు, మందులు, పడని మందులు, మళ్ళీ రావాల్సిన తేదీ మాత్రం సిబ్బందితో ఎక్కించండి. ఆ ఎంట్రీని డాక్టరు ఒకసారి చూసి ఓకే చేయాలి. అన్నీ సగం సగం ఎక్కించిన రికార్డుకన్నా ఈ నాలుగు గడులు సరిగ్గా ఉన్నదే మేలు.

జాగ్రత్తగా చూడాల్సినవి:

- పడని మందుల గడి ఖాళీగా వదలకండి. ఖాళీ అంటే 'ఏమీ లేవు' అనా, 'అడగలేదు' అనా? చూసేవాళ్ళకు తెలియదు. 'అడిగాం, లేవన్నారు' అనో, 'తెలియదన్నారు' అనో రాయండి.
- మందుల జాబితాలో మొదటి అక్షరాలు కొట్టి ఎంచుకునేటప్పుడు పూర్తి పేరు చదవండి. 'మెట్' అని కొడితే షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్, ఇన్ఫెక్షన్‌కి వాడే మెట్రోనిడజోల్ ఒకదాని కింద ఒకటి వస్తాయి.
- 'పోయినసారి చీటీ కాపీ' బటన్ సుఖంగానే ఉంటుంది. కానీ ఐదు రోజులకు ఇచ్చిన యాంటీబయాటిక్ నెలల తరబడి చీటీలో కొనసాగేది దానివల్లే. కాపీ చేశాక ఒక్కో లైనూ చదివి, అక్కర్లేనివి తీసేయాలి.
- షుగర్ రీడింగ్ ఒక్క అంకెగా రాయకండి. పరగడుపునా, తిన్న తర్వాతా, మధ్యలో ఎప్పుడైనా చూసిందా? అది లేకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు.
- తప్పు పడితే చెరిపేయకండి. పాతది అలాగే ఉంచి, సవరణ, తేదీ, ఎవరు సవరించారు అన్నది చేర్చండి. రేపు కోర్టులో అడిగితే, చెరిపిన రికార్డును ఎవరూ నమ్మరు.

6. గోప్యత

రిసెప్షన్ స్క్రీన్ పేషెంట్ల వైపు తిప్పి ఉంచకండి. ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఇవ్వండి. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడితే ఎవరు ఏం మార్చారో ఎప్పటికీ తేలదు. పని మానేసిన మనిషి లాగిన్ ఆ సాయంత్రమే ఆపేయండి.

వాట్సాప్‌లో రిపోర్టు పంపమని అందరూ అడుగుతారు. సిబ్బంది సొంత ఫోన్ల నుంచి వద్దు, క్లినిక్ ఫోన్ నుంచే పంపండి. నంబరును పేషెంట్‌తో ఒకసారి చదివించుకోండి. ఫోన్ కొడుకుదో అల్లుడిదో అయితే "ఈ నంబరుకు పంపమంటారా అమ్మా?" అని అడిగి, సరేనన్నాకే పంపండి. గర్భం, మానసిక సమస్య, లైంగిక ఆరోగ్యం లాంటి వాటిలో కాగితం చేతికివ్వడమే మంచిది. హెచ్ఐవీ విషయం 2017 చట్టం ప్రకారం గోప్యంగా ఉంచి తీరాలి. రిసెప్షన్‌లో కనిపించే 'అలర్ట్' గడిలో అది ఎప్పుడూ రాయకూడదు, డాక్టరు లాగిన్‌కి మాత్రమే కనిపించాలి.

7. కరెంటు, నెట్ పోతే

వరుస నంబర్ల చీటీల పుస్తకం తీయండి. పేరు, ఊరు, ఫోన్, బీపీ, మందులు కార్బన్ కాపీతో రాయండి. అవి ఆ సాయంత్రమే ఎక్కించాలి, "రేపు చూద్దాం" అంటే అవి ఎక్కవు. ఎక్కించిన చీటీ మీద టిక్ పెట్టండి. చీటీలకు నంబర్లు ఉన్నాయి కాబట్టి ఏది తప్పిపోయిందో వెంటనే తెలుస్తుంది.

8. బ్యాకప్

డేటా క్లినిక్ కంప్యూటర్‌లోనే ఉంటే రోజూ సాయంత్రం ఒక హార్డ్ డిస్కులోకి బ్యాకప్ తీసి, డిస్కును ఊడదీసి పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే, కంప్యూటర్‌కి ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజు బ్యాకప్ కూడా దానితోపాటే పోతుంది. రెండో డిస్కు వారానికోసారి మార్చుతూ వేరే చోట, అంటే డాక్టరుగారి ఇంట్లో ఉంచండి. డిస్కులకు పాస్‌వర్డ్ రక్షణ పెట్టడం మర్చిపోవద్దు. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అయినా నెలకోసారి మీ డేటా ఎక్స్‌పోర్ట్ తీసి దగ్గర పెట్టుకోండి.

బ్యాకప్ తీసినట్టు స్క్రీన్ మీద వస్తే అయిపోయినట్టు కాదు. మూడు నెలలకోసారైనా దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్న చూసిన పేషెంట్ రికార్డు కనిపిస్తుందో లేదో చూడండి. ఈ ఒక్క పని చేయని క్లినిక్‌లే ఎక్కువ.

9. ఎన్నాళ్ళు ఉంచాలి?

భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు ఉంచాలి. పేషెంట్ గానీ, అతను అధికారం ఇచ్చినవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్లకు విడిగా రిజిస్టర్ ఉండాలి. 2023లో వచ్చిన కొత్త నిబంధనలను ఆ ఏడాదే పక్కన పెట్టారు కాబట్టి ఇప్పటికీ 2002వే నడుస్తున్నాయి. కేసు నడుస్తున్న రికార్డు అయితే అది ముగిసేదాకా ముట్టుకోవద్దు. కంప్యూటర్‌లో చోటు పెద్ద ఖర్చు కాదు గనుక 3 ఏళ్ళు దాటినా తీసేయకపోవడమే నయం. షుగర్, బీపీ పేషెంట్‌కి పదేళ్ళనాటి రీడింగులూ పనికొస్తాయి.

స్కానింగ్ ఉన్నచోట ఇంకొంచెం జాగ్రత్త. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ (గర్భిణి స్కానింగ్ వివరాలు నింపే ఫారం) లాంటి రికార్డులు 2 ఏళ్ళు ఉంచాలి, నెల రిపోర్టు మరుసటి నెల 5వ తేదీలోగా పంపాలి. కంప్యూటర్‌లో ఉన్నా ప్రింట్ తీసి, బాధ్యులు సంతకం చేసి భద్రపరచాలి. ఇక టీబీ కేసు తేలితే ప్రైవేటు డాక్టరైనా ప్రభుత్వానికి తెలియజేయాలి, ఇది 2012 నుంచి ఉన్నదే. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించారు కాబట్టి టీబీ కేసులు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో కూడా చేరిందనుకోవద్దు, అది వేరే పని.

10. సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడం

రోజూ సాయంత్రం: ఇచ్చిన టోకెన్లు, సాఫ్ట్‌వేర్‌లోని విజిట్లు, కట్టిన బిల్లులు మూడూ పోల్చండి. రివ్యూకి ఫీజు లేకుండా వచ్చినవాళ్ళను విడిగా లెక్కపెడితే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

వారానికోసారి: పాత చీటీల్లోంచి ఏవో ఐదు తీసి, వాటిని ఎక్కించని ఇంకొకరి చేత వెతికించండి. ఒక్కొక్కటి ఒక నిమిషంలోపు దొరకాలి. దొరకలేదంటే పేరు స్పెల్లింగా, ఫోన్ నంబరా, ఊరా, కారణం ఏదో రాసుకోండి. రెండు మూడు వారాలకే ఏ గడిలో తప్పులు పడుతున్నాయో బయటపడుతుంది. సిబ్బందికి నేర్పాల్సింది ఆ గడి గురించే.

నెలకోసారి: ఒకే ఫోన్, ఒకే ఊరు ఉన్న పేర్ల జాబితా తీయించి డూప్లికేట్లు వెతకండి. పడని మందుల గడి ఖాళీగా ఉన్నవి ఎన్నో చూడండి.

మొదటి రెండు వారాలు పాత రిజిస్టరు, సాఫ్ట్‌వేర్ రెండూ నడపండి. ఆ రెండు వారాల సాయంత్రం లెక్కలు కుదిరితే రిజిస్టరు ఆపేయండి. కుదరకపోతే ఇంకో వారం పొడిగించండి. నెలల తరబడి రెండూ నడిపితే మాత్రం సిబ్బంది విసిగిపోయి రెండింట్లోనూ సగం సగం రాస్తారు.